పెళ్ళి సాక్షి, గేటు నంబరు 214

నేను ఒక స్టీలు క్యారేజీని. నాలుగు గిన్నెలు, వాటిని బిగించి పట్టే రెండు కమ్మీలు, పైన ఒక పిడి. ప్రస్తుతం లంకలపూడి చక్కెర మిల్లు రికార్డు గదిలో, కింది నుంచి రెండో అరలో ఉంటున్నాను. నా పిడికి తెల్ల నాడా కట్టి, దానికి ఒక అట్టముక్క వేలాడదీశారు. దాని మీద 'ఆధారం – 7' అని ఉంది. అన్నం మోయడానికి పుట్టినదాన్ని ఆధారం ఎలా అయ్యానో చెబుతాను. కాస్త ఓపిక పట్టండి. ఇక్కడ నాకు వేరే పనేమీ లేదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఎక్కడో ఉత్తరాదిన ఒక షెడ్డులో స్టీలు రేకును గుద్ది గుద్ది నన్ను చేశారు. పాత పేపర్లు చుట్టి లారీ ఎక్కించారు. ఆ పేపర్లు విప్పేసరికి రాజమండ్రిలో ఒక సామాన్ల కొట్లో దూలానికి వేలాడుతున్నాను. నా పక్కన నాలాంటివాళ్ళు ఇంకో ఇరవై మంది. అందరిలోకీ నాకే మెరుపెక్కువని నా అభిప్రాయం.

1989 మే నెలలో ఒక మధ్యాహ్నం చల్లా పాండురంగం కొట్లోకి వచ్చాడు. అప్పటికి అతను మిల్లులో పెన్షన్లు చూసే ఫండు సెక్షన్‌లో చిన్న గుమాస్తా. పక్క కుర్చీలోని యాళ్ళ సూరిబాబుకు పెళ్ళి కుదిరితే, సెక్షన్‌లో ఆరుగురూ కలిసి ఏదైనా కొనిద్దామనుకున్నారు. పాండురంగం నన్ను తిప్పి తిప్పి చూశాడు, గిన్నె మీద వేలితో కొట్టి చప్పుడు విన్నాడు, ఒప్పుకున్నాడు. అప్పుడు కొట్టాయన అడగవలసిన ప్రశ్న అడిగాడు.

"పేర్లు కొట్టమంటారాండీ?"

అడగకపోయినా కొట్టేవాడే. మావైపు పెళ్ళికి చెంచా ఇచ్చినా దాని మీద పేరు లేకుండా ఇవ్వరు. రేపు చారు పోసుకునేటప్పుడు ఎవరిచ్చిన చెంచాతో పోసుకుంటున్నారో తెలియకపోతే ఇచ్చి ఏం లాభం? కొట్టాయన నా కింది గిన్నె ఒళ్ళో పెట్టుకుని, గుర్రుమనే మిషనుతో చుక్కలు చుక్కలుగా అక్షరాలు దించాడు. 'చి. యాళ్ళ సూరిబాబుకు చి.ల.సౌ. తాయారుకు వివాహ సందర్భముగా, 17-5-1989.' ఇది చిన్న అక్షరాల్లో. దాని కింద, దూరం నుంచి కూడా కనబడేలా, 'ఇచ్చినవారు: చల్లా పాండురంగం, ఫండు సెక్షన్.' మిగతా అయిదుగురూ 'మరియు మిత్రులు' అయ్యారు. పెళ్ళి చేసుకునేవాళ్ళ కంటే క్యారేజీ ఇచ్చినవాడు పెద్దవాడని ఆ రోజే తెలుసుకున్నాను.

పెళ్ళి తాయారు వాళ్ళ ఇంటి ముందు పందిట్లో జరిగింది. ఫోటోగ్రాఫరును కూడా పిలిచారు. ఆయన గంటసేపు అందర్నీ నిలబెట్టి, కూర్చోబెట్టి, నవ్వించి, నవ్వొద్దని చెప్పి ఫోటోలు తీశాడు. తీరా చూస్తే కెమెరాలో రీలు తిరగనేలేదు. ఒక్క బొమ్మా రాలేదు. సూరిబాబు పెద్దగా బాధపడలేదు. "పెళ్ళయితే అయింది కదా, బొమ్మెందుకు?" అన్నాడు. రిజిస్ట్రేషన్ అనే మాట ఆ పందిట్లో ఎవరి నోటా రాలేదు. మూడొందల మంది భోంచేశారు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నారు.

పెళ్ళయిన పదిరోజులకు తాయారు కట్టిన మొదటి క్యారేజీతో సూరిబాబు మిల్లుకు బయల్దేరాడు. గేటు దగ్గర నన్ను ఆపేశారు. చక్కెర మిల్లుల్లో క్యారేజీ అంటే అనుమానం. మనుషులు లోపలికి అన్నం తెచ్చుకుని, బయటికి పంచదార పట్టుకుపోతారని. అందుకని లోపలికి వెళ్ళే ప్రతి గిన్నెనూ గేటు రిజిస్టరులో ఆనవాళ్ళతో సహా రాసి, అడుగున నంబరు గుద్దాలి. సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు మూత తీసి చూపించాలి. డైరెక్టర్ల కార్లకు ఈ నియమం లేదు. కారు డిక్కీలో పంచదార పట్టదని వాళ్ళ నమ్మకం కాబోలు.

అప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ బుల్లెబ్బాయి. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, అందుకని చాలా శ్రద్ధగా ఉన్నాడు. మిగతావాళ్ళు 'స్టీలు క్యారేజీ – 1' అని రాసి వదిలేసేవారు. బుల్లెబ్బాయి నన్ను వెలుగులోకి పట్టుకుని నా ఒంటి మీదున్న ప్రతి అక్షరమూ ఎక్కించాడు, పెళ్ళి తేదీతో, పాండురంగం పేరుతో సహా. అక్కడితో ఆగాడా? మూతలు తీసి చూసి, 'లోపల: అన్నం, పప్పుచారు, బెండకాయ వేపుడు, పెరుగు. పంచదార లేదు' అని కూడా రాశాడు. సూరిబాబు చేత సంతకం పెట్టించుకుని, గేటు ఆఫీసరు ముద్ర వేయించాడు. నా అడుగున 214 గుద్దాడు. వెనక లైనులో నిలబడ్డవాళ్ళు అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇక సూరిబాబు చేసే పని చెప్పాలి. మిల్లులో ఎవరైనా పోతే, వాళ్ళకు పెళ్ళయిందా, అయితే ఎవరితో, వచ్చి నిలబడ్డ మనిషి ఆ మనిషేనా అని తేల్చడం. అది తేలితేనే భార్యకు ఫండు నుంచి నెలనెలా పెన్షన్ వస్తుంది. సూరిబాబు మంచివాడే. ఇంట్లో పిల్లిని కూడా కసురుకునేవాడు కాదు. కానీ కుర్చీలో కూర్చుంటే మనిషి మారిపోయేవాడు. "పెళ్ళయిందనడానికి ఆధారమేంటమ్మా?" అన్న ప్రశ్న అతని నోటికి అలవాటైపోయింది. ఏయే ఆధారాలు చెల్లుతాయో పదకొండు అంశాలతో తన గుండ్రటి చేతిరాతలో ఒక జాబితా రాసి, బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ జాబితా మీదే నన్ను పెట్టుకుని తినేవాడు.

తినేవాడు అన్నాను గానీ, సగం పాండురంగమే తినేవాడు. తన డబ్బా మూత తీసేముందు నా మూత తీసేవాడు. "వదినగారి చేతిలో ఏదో ఉందండీ సూరిబాబుగారూ" అంటూ పనసపొట్టు కూర సగం ఖాళీ చేసేవాడు. ఇరవయ్యెనిమిదేళ్ళలో అతను నాలోంచి తిన్న కూర ఇంతని చెప్పలేను. నేను ఫండు సెక్షన్‌లో పనిచేసినా లెక్కలు రాసే అలవాటు చేసుకోలేదు.

ఒకరోజు చెరకు పిప్పి యార్డులో పనిచేసి పోయిన మనిషి భార్య వచ్చింది. పేరు నూకాలమ్మ. అప్పటికే చాలాసార్లు తిరిగింది. ఈసారి చంకన స్టీలు బిందె పెట్టుకుని వచ్చింది. దాని మీద ఆమె పేరూ, భర్త పేరూ, పెళ్ళి తేదీ చక్కగా చెక్కి ఉన్నాయి. "ఇదిగో బాబూ, మా మేనమావ ఇచ్చింది" అని బల్ల మీద పెట్టింది. సూరిబాబు నవ్వాడు. "బిందెలు చెల్లవమ్మా" అన్నాడు. ఆమె వెళ్ళాక ఫైల్లో రాశాడు: 'పెండ్లి సామానుపై గల పేర్లు వివాహమునకు ఆధారముగా స్వీకరించరాదు.' ఆ వాక్యం రాస్తున్నప్పుడు నేను అతని మోచేతికి జానెడు దూరంలో ఉన్నాను. నా ఒంటి మీది రాత అతని వైపే తిరిగి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు లేకపోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. సూరిబాబు మాత్రం హాయిగా భోంచేశాడు. నూకాలమ్మ మళ్ళీ రాలేదు.

మరి సూరిబాబు సంగతేమిటి? ప్రతి ఏప్రిల్‌లోనూ కుటుంబ వివరాల పత్రం నింపమని మిల్లంతా తిరిగి ప్రాణాలు తీసేవాడు కదా, తనది నింపాడా? పెళ్ళయిన ఏడాది ఒక పత్రం బయటికి తీశాడు. దాన్ని ఉద్యోగి నింపి సంబంధిత గుమాస్తాకు ఇవ్వాలి, గుమాస్తా ఆధారాలు చూసి తృప్తిపడి సంతకం చేయాలి. సంబంధిత గుమాస్తా తనే. "నాకు నేనే ఇచ్చుకుని, నన్ను నేనే ఆధారం అడుక్కోవాలా?" అని పెద్దగా నవ్వాడు. పాండురంగం కూడా నవ్వాడు. తర్వాత చూద్దామని ఆ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, పులుసు మరక అద్దం మీద పడకుండా నా కింద వేసుకున్నాడు. అది చిరిగిపోతే ఇంకోటి వేసుకున్నాడు. ఖాళీ పత్రాలకు ఫండు సెక్షన్‌లో కరువేముంది? సర్వీసు పుస్తకంలో మాత్రం 1985లో చేరినప్పుడు రాసిన 'అవివాహితుడు' అన్న మాట అలాగే ఉండిపోయింది. నామినీగా తల్లి పేరుంది. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది.

2017 ఫిబ్రవరిలో, రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా, ఒకరోజు పదిన్నరకు సూరిబాబు కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. నేను బల్ల మీద మూత తీయకుండా ఉండిపోయాను. ఆ రోజు నాలో వంకాయ కూర, మజ్జిగ పులుసు ఉన్నాయి. ఎవరూ తినలేదు. అబద్ధమెందుకు, పాండురంగం కూడా తినలేదు. బయటికి వెళ్ళి గోడకానుకుని ఏడ్చాడు. మర్నాడు బుల్లెబ్బాయి నన్ను కడిగి బీరువా మీద పెట్టాడు. అతను అప్పటికి గేటు వదిలి మా సెక్షన్‌లోనే అటెండరుగా ఉన్నాడు. తనకూ రిటైర్మెంటు దగ్గరపడింది.

కర్మకాండలయ్యాక తాయారు వచ్చింది. వాళ్ళకు పిల్లల్లేరు. ఒక్కతే వచ్చింది. పాండురంగం అప్పటికి ఫండు ఆఫీసరు అయి ఉన్నాడు. సర్వీసు పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"పెన్షన్ సంగతి తర్వాత చూద్దాం గానీండి, ఆ క్యారేజీ ఇచ్చెయ్యండి, పట్టుకెళ్తాను" అంది తాయారు.

"మృతుడి వస్తువులు వారసులకే ఇవ్వాలండి. తమరు వారసులని తేలాలి కదా" అన్నాడు పాండురంగం.

మొన్నటిదాకా వదినగారు. ఇప్పుడు తమరు. నెల తిరిగేసరికి ఫైల్లో ఆమె 'సదరు స్త్రీ' అయింది.

"మీకు తెలీదాండీ పాండురంగంగారూ? నా చేతి వంట తిన్నారు కదండీ!"

"నాకు తెలుసండి. నాకు తెలిసినట్టు ఫైలుకి కూడా తెలియాలి కదండీ మరి."

అక్కడ మొదలైంది తిరుగుడు. ఏడాదిలోగా ఆధారం చూపించకపోతే, సూరిబాబు పెళ్ళి కాకుండానే పోయాడని రాసి ఫైలు మూసేస్తారు. ఆధార్ కార్డు తెచ్చింది. అది చిరునామాకన్నారు. రేషన్ కార్డు తెచ్చింది. అది బియ్యానికన్నారు. ఓటరు కార్డు ఓటుకేనన్నారు. బంధువుల చేత రాయించి తెచ్చింది. బంధువుల మాట చెల్లదన్నారు, వాళ్ళు బంధువులవాలంటే ముందు పెళ్ళి జరిగి ఉండాలి కదా అన్నారు. పెళ్ళి చేయించిన పంతులుగారు ఏనాడో పోయారు. తహసీల్దారు ఆఫీసులో అడిగితే, మిల్లు రికార్డులో భార్య అని ఉంటే రాసిస్తామన్నారు. మిల్లుకొస్తే, తహసీల్దారు రాసిస్తే రికార్డు మారుస్తామన్నారు. మధ్యలో షేర్ ఆటోవాళ్ళు బాగుపడ్డారు. నేను బీరువా మీద నుంచి ఇదంతా వింటూనే ఉన్నాను. మనుషులకు పెళ్ళి చేసుకోవడం తేలిక, అయిందని నిరూపించడమే కష్టం. నాలాంటి గిన్నెలు నయం, ఒకసారి గుద్దితే గుద్దినట్టే ఉంటుంది.

డిసెంబరు నెలలో ఒకరోజు ఆమె విసిగిపోయి గొంతెత్తింది.

"నేనాయన పెళ్ళాన్ని కాదంటే, ఇరవయ్యెనిమిదేళ్ళు నేనెవరికి వండినట్టండీ? ఎవరిల్లు తుడిచినట్టండీ? అదిగో, ఆ క్యారేజీ మీద రాసుంది కదా, చూడండి! మీరేగా కొనిచ్చారు. మీ పేరే ఉంది, చూడండి!"

సెక్షనంతా నా వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక అంతమంది నన్ను ఒక్కసారిగా చూడటం అదే మొదలు. పాండురంగం తల వంచుకుని, పాత ఫైలొకటి తీసి, ఒక పేజీ తెరిచి ఆమె ముందుకు తోశాడు. 'పెండ్లి సామానుపై గల పేర్లు వివాహమునకు ఆధారముగా స్వీకరించరాదు.'

తాయారు చదువుకున్న మనిషే. ఆ వాక్యాన్ని చదివింది. తర్వాత మాటల్ని వదిలేసి రాతను చూసింది. ఆ గుండ్రటి రాత ఆమెకు తెలుసు. ఇంట్లో పచ్చళ్ళ జాడీల మీద చీటీలు ఆ రాతలోనే ఉండేవి.

"ఇది మా ఆయన రాతండి" అంది మెల్లిగా. "ఎవరిదండి ఆ సామాను?"

"ఎవరో నూకాలమ్మని, బిందె పట్టుకొచ్చిందంటండి" అన్నాడు బుల్లెబ్బాయి.

తాయారు కుర్చీలో కూర్చుండిపోయింది. ఏడవలేదు. భర్త మీద కోపం తెచ్చుకుందామన్నా ఎదురుగా మనిషి లేడు. "ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో" అంది. నిజం చెబుతున్నాను, ఆ మాట విన్నాక నాకు తాయారు మీద గౌరవం రెట్టింపైంది. ఆ గదిలో నూకాలమ్మ గురించి ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

బుల్లెబ్బాయి నా దగ్గరికి వచ్చి, ఎందుకో నన్ను ఎత్తి తిప్పి చూశాడు. అడుగున 214. అతని ముఖం మారిపోయింది. సూరిబాబు బల్ల దగ్గరికి వెళ్ళి అద్దం మీద వేలు పెట్టాడు. జాబితాలో పదకొండో అంశం: 'సంస్థ యొక్క ఏదేని రిజిస్టరులో, ఉద్యోగి సంతకముతో, ఉద్యోగి జీవించి ఉండగా జరిగిన నమోదు.'

"గేటు పుస్తకం సంస్థ రిజిస్టరేనాండీ?" అని అడిగాడు.

"అవును" అన్నాడు పాండురంగం, ఎటు పోతోందో తెలియక.

బుల్లెబ్బాయి వారం రోజులు సెలవు పెట్టి మరీ పాత గోడౌన్లో బూజు దులిపాడు. సంక్రాంతి వెళ్ళిన వారానికి 1989 గేటు రిజిస్టరు దొరికింది. అంచులు చెదలు తినేశాయి గానీ ఆ పేజీ బాగానే ఉంది. ఫండు కమిటీ కూర్చుంది. జనరల్ మేనేజరు అద్దాలు పెట్టుకుని గట్టిగా చదివాడు. పెళ్ళి, తేదీ, ఇద్దరి పేర్లు, ఇచ్చినవారు చల్లా పాండురంగం. ఇక్కడ ఆగి పాండురంగాన్ని చూశాడు. పాండురంగం మంచినీళ్ళు తాగాడు. మేనేజరు మళ్ళీ చదివాడు. "లోపల: అన్నం, పప్పుచారు, బెండకాయ వేపుడు, పెరుగు. పంచదార లేదు."

"బెండకాయ వేపుడేనండి" అంది తాయారు. "కాపరానికొచ్చాక నేను కట్టిన మొదటి క్యారేజీ. ఉప్పెక్కువైందని సాయంత్రం ఇంటికొచ్చి నవ్వారు." అప్పుడు ఏడ్చింది. ఏడాదిపాటు దాచుకున్నదంతా ఆ బెండకాయ వేపుడు దగ్గర ఏడ్చింది.

రిజిస్టరులో రాసిన క్యారేజీ ఇదేనని నా అడుగు చూసి రూఢి చేసుకున్నారు. మీరు గమనించారో లేదో, ఈ మిల్లు సూరిబాబుకు భార్య ఉందని ఎక్కడా రాసుకోలేదు. పంచదార ఎత్తుకుపోతాడేమోనని మాత్రం ఒళ్ళంతా తడిమి రాసుకుంది. ఆ అనుమానమే చివరికి తాయారును అతని భార్యను చేసింది. గడువుకు ఇంకా పది రోజులుండగా పెన్షన్ మంజూరైంది. నూకాలమ్మ బిందెకు ఆ అదృష్టం లేకపోయింది, పనికి బిందె పట్టుకెళ్ళేవాళ్ళు ఎవరుంటారు? తాయారు ఆమెను వెతకమని బుల్లెబ్బాయిని పంపింది. ఇల్లు అమ్మేసి ఎటో వెళ్ళిపోయిందని చెప్పారట.

మంజూరు కాగితం చేతికిస్తూ పాండురంగం, "సంతోషమండీ వదినగారూ" అన్నాడు. వరస మళ్ళీ కలిసింది.

"ఇప్పుడు వారసురాల్ని అయ్యాను కదండీ. ఆ క్యారేజీ ఇచ్చెయ్యండి."

"అదెలా కుదురుతుందండీ? ఇప్పుడది ఫైల్లో భాగం. మీ పెళ్ళికి ఉన్న ఆధారం అదొక్కటే. పట్టుకెళ్ళిపోతే రేపు ఆడిటువాళ్ళొచ్చి ఏదీ అంటే మీ పెన్షన్ ఆగిపోతుంది."

అలా నేను రికార్డు గదికి వచ్చాను. నా పక్కనే సూరిబాబు సర్వీసు పుస్తకం ఉంది. దాన్ని దిద్దడానికి కూడా కాగితం నడిపారు. పేజీలో దిద్దుబాటు చేయాలంటే ఉద్యోగి స్వయంగా పక్కన సంతకం పెట్టాలి, అది కూడా సూరిబాబు పెట్టిన నియమమే. కొత్త గుమాస్తా ఆ కాగితం మీద 'ఉద్యోగి హాజరు కానందున సవరణ పెండింగు' అని రాసి నా పక్కన పెట్టాడు.

పెన్షన్ తీసుకునే వితంతువు ఏటా నవంబరులో ఒక పత్రం ఇవ్వాలి. తాను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని. మొదటి నవంబరులో ఆ పత్రం చదివి తాయారు చాలాసేపు నవ్వింది. "మొన్నటిదాకా అసలు పెళ్ళే కాలేదన్నారు కదండీ బాబూ! ఇప్పుడు రెండోది కాలేదని రాయమంటున్నారా?" అంది. పాండురంగం పెన్ను అందించాడు. ఆమె సంతకం పెట్టింది. ఆ తర్వాత బుల్లెబ్బాయిని బతిమాలి రికార్డు గదిలోకి వచ్చింది. కొంగుతో నా మీద దుమ్ము తుడిచింది. పేర్లున్న చోట కాస్త ఎక్కువసేపు తుడిచింది. మూత తీసి వాసన చూసి, "ఎండలో పెట్టకపోతే ముక్కిపోతుంది" అని అతనికి చెప్పి వెళ్ళింది. ఆమె చేతిలో ప్లాస్టిక్ డబ్బా ఉంది. నాకు అసూయ కలిగింది. దాచుకోవడం ఎందుకు?

అప్పటి నుంచి ప్రతి నవంబరూ వస్తోంది. సర్వీసు పుస్తకంలో సూరిబాబు ఇప్పటికీ అవివాహితుడే. ఆ పెళ్ళికాని మనిషి భార్య ఏటా బస్సెక్కి వచ్చి, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని సంతకం పెట్టి, నన్ను తుడిచి వెళ్తుంది.